పాత ఇల్లు ఎంత కరెంటు మోయగలదు?

ఒక్క బల్బు కోసం ఇచ్చిన సర్వీసుల మీద ఇప్పుడు ఏసీలు, మోటార్లు, ఇండక్షన్ పొయ్యిలు నడుస్తున్నాయి. ఉత్తరాంధ్ర తీరంలో సంతబొమ్మాళి నుంచి పలాస దాకా పాత పెంకుటిళ్లలో వోల్టేజీ ఎందుకు జారిపోతోంది, ఇంటి అసలు సామర్థ్యాన్ని లెక్కగట్టడం ఎలా అన్నదే ఈ వారం ముఖచిత్ర కథనం.

మే నెల రాత్రి ఎనిమిది గంటల వేళ సంతబొమ్మాళి చుట్టుపక్కల పాత వీధులు ఇంచుమించు ఒకే తీరుగా ఉంటాయి. గోడకు గోడ ఆనుకొని వరుసగా నిలిచిన పెంకుటిళ్ల అరుగుల మీద ఉక్క భరించలేని పెద్దలు చేరి ఉంటారు. లోపల ట్యూబ్‌లైటు రెండు మూడు సార్లు మినుకుమని గాని వెలగదు, ఫ్యాను రెక్కలు లెక్కపెట్టగలిగినంత నెమ్మదిగా తిరుగుతాయి, ఫ్రిజ్ కంప్రెసర్ ఒకసారి మూలిగి ఆగిపోతుంది. నడవలో మీటరు బోర్డు దగ్గర నిలబడితే సన్నని చిటపట వినిపిస్తుంది. ఏళ్లనాటి పొగచూరిన చెక్క మీద పింగాణీ ఫ్యూజు కట్టె అంచు గోధుమరంగుకు మాడి ఉంటుంది, దాని నుంచి వెలువడే తీగ తొడుగు మెత్తబడి కమురు వాసన వేస్తుంది.

ఈ బాధలన్నిటికీ లోవోల్టేజీ అని పేరు పెట్టి, ట్రాన్స్‌ఫార్మర్ చిన్నదనో లైన్‌మన్ పట్టించుకోవడం లేదనో సర్దిచెప్పుకోవడం అలవాటైపోయింది. 2025 మార్చిలో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ పంపిణీ సంస్థలు, అదనపు లోడును తమంతట తాము వెల్లడించే గృహ వినియోగదారులకు అభివృద్ధి రుసుములో సగం రాయితీ ప్రకటించాక, ఇంటి లోడు ఎంత అన్న ప్రశ్న గ్రామ సచివాలయాల దగ్గరా కరెంటు ఆఫీసుల దగ్గరా తరచుగా వినిపిస్తోంది. లోడు పెంచుకోవడానికి దరఖాస్తు చాలు. పెరిగిన లోడును ఆ ఇల్లు మోయగలదా లేదా అన్నది మాత్రం స్తంభం నుంచి ప్లగ్గు దాకా ఉన్న ప్రతి ముక్కనూ పరిశీలిస్తే తప్ప తేలదు.

ఒక్క బల్బు కోసం పుట్టిన సర్వీసు

ఉత్తరాంధ్రలో విద్యుత్ విస్తరణకు 1955లో ఉత్పత్తి ప్రారంభించిన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం గట్టి పునాది వేసింది. 1959లో ఏర్పడిన రాష్ట్ర విద్యుత్ మండలి కాలంలో పట్టణాల నుంచి పల్లెలకు లైన్లు సాగాయి. 1988-89లో మొదలైన కుటీర జ్యోతి పథకం పేద ఇళ్లకు ఒక్క దీపం కనెక్షన్ ఇచ్చింది. 2005లో రాజీవ్ గాంధీ గ్రామీణ విద్యుదీకరణ యోజన, 2017లో సౌభాగ్య పథకం మిగిలిన గడపలను చేరాయి. ఈ పథకాలన్నీ చీకటిని పోగొట్టడమే లక్ష్యంగా సాగినందున, అప్పటి సర్వీసులకు నిర్ణయించిన లోడు ఒకటి రెండు బల్బులకు, ఒక ఫ్యానుకు సరిపోయేంతే.

ఇళ్లలోని వైరింగ్ కూడా ఆ కాలపు అవసరానికి తగ్గట్టే ఉంది. టేకు పట్టీల మీద క్లిప్పులతో బిగించిన తీగలు, గుండ్రని చెక్కల మీద నల్లని బేక్‌లైట్ స్విచ్‌లు, పడకగదికి ఒక దీపం, మొత్తం ఇంటికి ఒకే ప్లగ్గు పాయింటు అన్నది నాటి పద్ధతి. రాగి దిగుమతి భారమైన దశాబ్దాల్లో అల్యూమినియం తీగలే విరివిగా వాడారు. రాగితో పోలిస్తే అల్యూమినియం వాహకత సుమారు 61 శాతమే కనుక, ఒకే మందంలో అది మోసే కరెంటు తక్కువ. పైగా మెత్తని లోహం కావడం వల్ల మరమేకుల కింద క్రమంగా నలిగి, కొన్నేళ్లకు అతుకు వదులవుతుంది.

తర్వాతి కాలంలో ఇంటి రూపం మారింది గాని తీగ మారలేదు. చెన్నైలోనో ముంబైలోనో గల్ఫ్‌లోనో పనిచేసే కొడుకు పంపిన డబ్బుతో వెనుక పెరట్లో స్లాబు గది లేచింది, బోరుకు మోటారు వచ్చింది, గదికి ఏసీ వచ్చింది. వీటన్నిటికీ కరెంటు మాత్రం తాత కాలంలో తీసుకున్న అదే సర్వీసు నుంచి, అదే మెయిన్ స్విచ్ గుండా అందుతోంది.

బిల్లు మీది అంకె, గోడలోని నిజం

ఇంటి విద్యుత్ సామర్థ్యం అనగానే చాలామంది బిల్లు మీద ముద్రించిన కాంట్రాక్ట్ లోడును చూపిస్తారు. ఆ అంకె పంపిణీ సంస్థకూ వినియోగదారుకూ మధ్య కుదిరిన ఒప్పందాన్ని తెలుపుతుంది; ఒక కిలోవాట్‌కు నెలకు 10 రూపాయల చొప్పున పడే స్థిర రుసుముకు అదే ఆధారం. కిలోవాట్ అంటే వెయ్యి వాట్లు. 240 వోల్టుల సరఫరాలో ఒక కిలోవాట్ లోడు సుమారు 4.2 ఆంపియర్ల కరెంటును లాగుతుంది. తీగను వేడెక్కించేది ఈ ఆంపియర్లే కాబట్టి ఇంటి బలాన్ని వాటితోనే కొలవాలి.

స్తంభం నుంచి ప్లగ్గు దాకా కరెంటు ఐదు మెట్లు దాటుతుంది. మొదటిది స్తంభం నుంచి గోడ దాకా వేలాడే సర్వీస్ వైరు, రెండోది మీటరు, మూడోది ఫ్యూజు కటౌట్లు, నాలుగోది మెయిన్ స్విచ్, ఐదోది గదుల్లోకి వెళ్లే వైరింగ్. మీటరు ముఖం మీద 5-30 ఆంపియర్లు అనో 10-60 ఆంపియర్లు అనో ముద్రించి ఉంటుంది. రెండో అంకె అది మోయగల గరిష్ఠ కరెంటు. కటౌట్ల మీద, మెయిన్ స్విచ్ మీద 16 అనీ 32 అనీ అంకెలు పోతపోసి ఉంటాయి. చేద ఎంత పెద్దదైనా చేంతాడు ఓపినంత బరువే పైకి వస్తుంది; ఐదింటిలో ఏది బలహీనమో దాని ఆంపియర్లే ఆ ఇంటి అసలు సామర్థ్యం. 30 ఆంపియర్ల మీటరు, 32 ఆంపియర్ల మెయిన్ స్విచ్ ఉన్న ఇంట్లో పడకగదికి వెళ్లే తీగ 11 ఆంపియర్లదే అయితే, ఆ గదికి సంబంధించినంత వరకు ఇంటి సామర్థ్యం 11 ఆంపియర్లే.

> బాక్స్: పాత తీగల లెక్క
>
> పాత తీగలను ఎలక్ట్రీషియన్లు ఇప్పటికీ పోగుల లెక్కలోనే పిలుస్తారు. గీతకు ముందున్న అంకె పోగుల సంఖ్య, తర్వాతిది పోగు గేజి. గేజి అంకె పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది.
>
> • 1/18 అంటే సుమారు 1.2 చదరపు మిల్లీమీటర్లు
> • 3/22 అంటే సుమారు 1.2 చదరపు మిల్లీమీటర్లు
> • 3/20 అంటే సుమారు 2 చదరపు మిల్లీమీటర్లు
> • 7/22 అంటే సుమారు 2.8 చదరపు మిల్లీమీటర్లు
> • 7/20 అంటే సుమారు 4.6 చదరపు మిల్లీమీటర్లు
>
> పైపులో వేసిన రాగి తీగ మోసే కరెంటు స్థూలంగా 1 చదరపు మిల్లీమీటరుకు 11 ఆంపియర్లు, 2.5కు 18 నుంచి 20, 4కు 24 నుంచి 26. అదే మందం అల్యూమినియం తీగైతే ఇందులో నాలుగో వంతు తగ్గించి చూసుకోవాలి. తొడుగు పెళుసెక్కిన తీగకు ఈ లెక్కలేవీ వర్తించవు. దాన్ని మార్చడమే మార్గం.

మీటరు చెప్పే మాట

ఇంటి వాడకం ఎంతో తెలుసుకోవడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. ఎలక్ట్రానిక్ మీటరు ముఖం మీద ఎర్రని చిన్న దీపం మినుకుతూ ఉంటుంది, దాని పక్కన ఒక యూనిట్‌కు 3200 మినుకులు అనో మరో అంకెతోనో రాసి ఉంటుంది. 3200 అని ఉన్న మీటరులో ఆ దీపం నిమిషానికి 32 సార్లు మినుకుతుంటే గంటకు 1920 మినుకులు, అంటే ఆ క్షణంలో ఇంటి లోడు 0.6 కిలోవాట్లు. మోటారు వేసిన తర్వాత మళ్లీ లెక్కపెట్టి, తేడాను చూస్తే మోటారు లాగుతున్నది ఎంతో తెలిసిపోతుంది.

మీటరు మీది బటన్ నొక్కుతూ పోతే తెర మీద కేడబ్ల్యూ, ఎండీ అన్న అక్షరాలతో మరో అంకె కనిపిస్తుంది. ఎండీ అంటే గరిష్ఠ డిమాండు; నిర్ణీత నిమిషాల వ్యవధిలో నమోదైన సగటు వాడకాల్లో ఆ నెలకు అన్నిటికన్నా పెద్దది. బిల్లులో ఇదే ఆర్‌ఎండీగా వస్తుంది. ఇంట్లోని పరికరాలన్నిటి వాట్లనూ కూడితే వచ్చేది కనెక్టెడ్ లోడు. అవన్నీ ఒకేసారి నడవవు కనుక గరిష్ఠ డిమాండు అంతకంటే తక్కువగా ఉంటుంది. తీగలు, ఫ్యూజులు తట్టుకోవలసింది ఈ గరిష్ఠ డిమాండును కాబట్టి, ఏప్రిల్, మే నెలల బిల్లుల్లోని ఆర్‌ఎండీని కాంట్రాక్ట్ లోడు పక్కన పెట్టి చూడడం మొదటి పరీక్ష.

> బాక్స్: రాత్రి ఎనిమిదింటికి ఒక ఇల్లు
>
> • ఎల్‌ఈడీ బల్బులు 6, ఒక్కొక్కటి 9 వాట్లు: 54
> • పాత రకం సీలింగ్ ఫ్యాన్లు 3, ఒక్కొక్కటి 75 వాట్లు: 225
> • ఫ్రిజ్: 150
> • టీవీ: 100
> • ఒక హెచ్‌పీ నీళ్ల మోటారు: సుమారు 1000
> • ఒకటిన్నర టన్నుల ఏసీ: సుమారు 1600
>
> మొత్తం దాదాపు 3130 వాట్లు. 230 వోల్టుల దగ్గర ఇది 13.6 ఆంపియర్లు. కాంట్రాక్ట్ లోడు ఒక కిలోవాట్ ఉన్న ఇంటికి మూడింతలు; 1/18 తీగ మోయగలిగిన దానికంటే ఎక్కువ. ఇస్త్రీపెట్టె, మిక్సీ, ఇండక్షన్ పొయ్యి ఇందులో చేర్చలేదు.

వోల్టేజీ ఎక్కడ జారిపోతోంది

తీగకు తనదైన నిరోధం, అంటే కరెంటును అడ్డుకునే గుణం, ఉంటుంది. ఆ అడ్డు దగ్గర కొంత వోల్టేజీ ఖర్చై వేడిగా మారుతుంది. కరెంటు రెట్టింపైతే ఆ వేడి నాలుగు రెట్లవుతుంది, మూడింతలైతే తొమ్మిది రెట్లవుతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం సర్వీస్ వైరు స్తంభం నుంచి 30 మీటర్లు సాగితే, పోయి వచ్చే దూరం కలిపి దాని నిరోధం సుమారు 0.73 ఓమ్‌లు, అందులో 15 ఆంపియర్లు ప్రవహిస్తే దాదాపు 11 వోల్టులు దారిలోనే పోతాయి, 160 వాట్లకు పైగా గాలిలో కలిసిపోతాయి.

లోపం ఎక్కడుందో పట్టుకోవడానికి మూడు కొలతలు చాలు, అయితే వాటిని అనుభవమున్న ఎలక్ట్రీషియన్ చేతనే తీయించాలి. ఇంట్లో అన్నీ ఆపిన తర్వాత మీటరు దగ్గర కొలిచినా వోల్టేజీ తక్కువగానే ఉంటే ఇబ్బంది లైన్లోనో ట్రాన్స్‌ఫార్మర్‌లోనో ఉంది. 240 వోల్టుల లో టెన్షన్ సరఫరాలో అనుమతించిన తేడా 6 శాతమే కనుక 226 వోల్టులకు తగ్గితే ఫిర్యాదు చేసే హక్కు వినియోగదారుకు ఉంటుంది. అన్నీ ఆపినప్పుడు బాగానే ఉండి, ఏసీ వేయగానే మీటరు దగ్గరే పడిపోతే సర్వీస్ వైరు సన్నదనో, స్తంభం మీది అతుకు వదులైందనో అనుకోవాలి. మీటరు దగ్గర నిలకడగా ఉండి ప్లగ్గు దగ్గర మాత్రమే జారిపోతే లోపం ఇంటి గోడల్లో ఉంది. ప్లగ్గు దగ్గర 14 వోల్టులు పోతూ 8 ఆంపియర్లు ప్రవహిస్తుంటే 112 వాట్ల వేడి గోడలోనో అటక మీదో పుడుతున్నట్టు. పెంకుల కింద తాటి వాసాల పక్కనే ఆ తీగ సాగే ఇంట్లో ఇది కేవలం బిల్లు భారంతో పోయేది కాదు.

టాంగ్ టెస్టర్ అనే పట్టకారు లాంటి పరికరం తీగను కోయకుండానే దానిలోని ఆంపియర్లను చూపుతుంది. మెగ్గర్ అనే మరో పరికరం 500 వోల్టుల ఒత్తిడితో తీగ తొడుగు బలాన్ని పరీక్షిస్తుంది. కనీసం ఒక మెగోమ్ రాకపోతే ఆ వైరింగ్ కరెంటును తేమగోడలోకి వదులుతున్నట్టే.

ఉప్పు గాలి, ఇసుక నేల, తుఫాను

ఈ తీరంలో విద్యుత్ తీగలు పడే కష్టం మైదాన జిల్లాల్లో కనిపించదు. నౌపడ ఉప్పు మడుల మీదుగా, భావనపాడు తీరం మీదుగా వచ్చే తేమగాలి రాగి మీద పచ్చని చిలుమును, అల్యూమినియం మీద తెల్లని పొడిని పేరుస్తుంది. అల్యూమినియం సర్వీస్ వైరును రాగి తీగతో నేరుగా మెలిపెట్టిన చోట ఉప్పు తేమ తగిలి అతుకు మరీ త్వరగా తినుకుపోతుంది. బయటికి టేపు చుట్టి చక్కగా కనిపించే ఆ అతుకే నిండు లోడు మీద ముందుగా మాడుతుంది. రెండు లోహాలను కలపడానికి తగిన బైమెటాలిక్ లగ్గులు వాడితే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది.

ఎర్తింగ్ విషయంలో పలాస చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలోని ఇసుక నేలలకూ నౌపడ చవుడు నేలలకూ సమస్య రెండు విధాలుగా ఉంటుంది. ఇసుక నేలలో వేసవికి తేమ అడుగంటి ఎర్తింగ్ నిరోధం పెరుగుతుంది, అప్పుడు లీకైన కరెంటు నేలలోకి పోకుండా ఫ్రిజ్ తలుపును, మోటారు గొట్టాన్ని పట్టుకొని కాచుకుంటుంది. ఉప్పు తేమ ఉన్న నేలలో నిరోధం తక్కువే గాని పాతిన ఇనప గొట్టం త్వరగా తుప్పుపడుతుంది. ఏ నేలకైనా ఎర్తింగ్‌తో పాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అవసరం. వెళ్లిన కరెంటుకూ తిరిగి వచ్చిన కరెంటుకూ తేడా వస్తే కన్ను మూసి తెరిచే లోపు సరఫరాను తెంచే సాధనం ఇది.

2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుఫాను ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలతో పాటు విద్యుత్ స్తంభాలనూ నేలకూల్చింది. అలాంటి విపత్తు తర్వాత వెలుగు తిరిగి రావడమే ప్రధానం కనుక తెగిన తీగలను అందిన ముక్కలతో అతికించి వాడుకోవడం సహజం. ఏళ్లు గడిచినా ఆ తాత్కాలిక అతుకులు అలాగే కొనసాగితే అవే ఇంటి సామర్థ్యాన్ని నిర్ణయించే బలహీన స్థానాలవుతాయి.

వాట్ల వెనుక మనుషులు

దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధితో ఉద్దానం ఎన్నో ఏళ్లుగా పోరాడుతోంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అయినా డయాలసిస్ ముగించుకొని వచ్చిన రోగి రాత్రి గడపవలసింది తన ఇంట్లోనే. రక్తహీనతకు వాడే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్లను, మధుమేహానికి వాడే ఇన్సులిన్ నిల్వలను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. లోవోల్టేజీకి ఫ్రిజ్ కంప్రెసర్ ఆగిపోయిన ఇంట్లో పాడయ్యేది పెరుగూ కూరగాయలే కావు, ఎంతో ఖర్చుపెట్టి తెచ్చుకున్న మందు కూడా.

లోడును వెల్లడించడానికి వెనుకాడేవారి భయాలనూ అర్థం చేసుకోవాలి. నెలకు 300 యూనిట్లు దాటితే సంక్షేమ పథకాలకు అనర్హులవుతారన్న నిబంధన కొన్నేళ్లు అమల్లో ఉన్నందున, కరెంటు లెక్క అంటేనే రేషన్ కార్డు పోతుందన్న బెదురు పల్లెల్లో పాతుకుపోయింది. ఆ నిబంధన యూనిట్లకు, అంటే నెల మొత్తం వాడకానికి సంబంధించినది. కాంట్రాక్ట్ లోడు ఒకేసారి లాగగల శక్తికి సంబంధించినది. లోడు పెంచుకున్నంత మాత్రాన వాడకం పెరగదు, వాడకం పెరగకుండా యూనిట్ల చార్జీ పెరగదు. అద్దెకుండేవారి పరిస్థితి మరింత ఇరుకు. సర్వీసు యజమాని పేరున ఉంటుంది, యజమాని దూరాన ఉంటాడు, మాడిన ప్లగ్గు మాత్రం అద్దెదారు పిల్లల చేతికి అందే ఎత్తులో ఉంటుంది.

ఒక ఇంటి లెక్క ఆ ఇంటితో ముగియదు. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఒకేసారి మోయగలిగేది సుమారు పదిహేను ఒకటిన్నర టన్నుల ఏసీలను, అదీ మరే ఇతర లోడూ లేనప్పుడు. ఎంత సామర్థ్యమున్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలో పంపిణీ సంస్థ నిర్ణయించేది నమోదైన లోడులను బట్టి కాబట్టి, వీధిలో సగం ఇళ్లు కిలోవాట్ రాయించుకొని మూడు కిలోవాట్లు వాడితే, ఏసీ లేని ఇంటి ఫ్యాను కూడా నెమ్మదిస్తుంది. నిజమైన లోడును నమోదు చేయించడం పక్కింటివారి పట్ల పాటించవలసిన ధర్మం కూడా.

> బాక్స్: చూసుకోదగినవి, ముట్టకూడనివి
>
> • బిల్లులో కాంట్రాక్ట్ లోడు, ఆర్‌ఎండీ. మీటరు, మెయిన్ స్విచ్ మీది ఆంపియర్ల అంకెలు: ఎవరైనా చదివి రాసుకోవచ్చు.
> • మాడిన ప్లగ్గు, వేడి వాసన, స్విచ్ వేయగానే వెలుతురు తగ్గడం: వెంటనే పరికరం ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.
> • మీటరు సీలు, సర్వీస్ వైరు, స్తంభం మీది అతుకు: ఇంటివారు ముట్టరాదు. సీలు తీయడం చట్టరీత్యా నేరం. ఫిర్యాదుకు 1912 నంబరు.
> • కాలిన ఫ్యూజు స్థానంలో లావు రాగి పోగులు: ఎన్నడూ వేయరాదు. అప్పుడు ఫ్యూజుకు బదులు గోడలోని తీగ కాలుతుంది.

ముందు తీగ, తర్వాత ఏసీ

మరమ్మతుకు ఒక క్రమం ఉంది. మొదట ఎర్తింగ్ సరిచేసి ఆర్‌సీసీబీ పెట్టించాలి. తర్వాత ఏసీ, మోటారు, గీజరు, ఇండక్షన్ పొయ్యి వంటి భారీ పరికరాలకు మెయిన్ బోర్డు నుంచి వేర్వేరుగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ లాగి, ఒక్కొక్కదానికి తగిన ఎంసీబీ, అంటే అధిక కరెంటుకు తనంత తాను పడిపోయే స్విచ్, అమర్చాలి. దీపాలు, ఫ్యాన్ల సర్క్యూటును పది పాయింట్లకు, 800 వాట్లకు మించనివ్వకూడదన్నది దేశంలో చిరకాలంగా పాటిస్తున్న ప్రమాణం. ఇల్లంతా ఒకేసారి మార్చే స్తోమత లేనివారు ఈ భారీ సర్క్యూట్లను వేరుచేసినా ప్రమాదంలో పెద్ద భాగం తొలగుతుంది. ఆ తర్వాతే లోడు పెంపుకు దరఖాస్తు చేయాలి. 5 కిలోవాట్లు దాటే గృహ లోడుకు మూడు ఫేజుల సరఫరా తీసుకోవలసి ఉంటుంది. 2024లో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాల ప్రకారం గ్రామీణ ప్రాంతాల్లో కొత్త కనెక్షన్‌నైనా, ఉన్నదానిలో మార్పునైనా 15 రోజుల్లోపు పూర్తిచేయాలి. పైకప్పు మీద 10 కిలోవాట్ల లోపు సౌర పలకలు పెట్టుకునేవారికి, అవసరమైన మేర లోడు పెంచే బాధ్యతను ఆ నియమాలు పంపిణీ సంస్థ మీదే ఉంచాయి.

ప్రభుత్వం చేయవలసినదీ ఉంది. గ్రామ సచివాలయాల్లో ఎనర్జీ అసిస్టెంట్లు ఉన్నారు. ఒక మెగ్గర్, ఒక టాంగ్ టెస్టర్, ఒక ఎర్త్ టెస్టర్ వారి చేతికిచ్చి, వేసవికి ముందు పాత ఇళ్లను వరుసగా పరీక్షించి, ఏ ఇల్లు ఎన్ని ఆంపియర్లు మోయగలదో ఒక చీటీ మీద రాసి మీటరు బోర్డు పక్కన అంటించే ఏర్పాటు చేస్తే, దానికయ్యే ఖర్చు ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయినప్పుడు, ఒక్క ఇంటి కప్పు అంటుకున్నప్పుడు కలిగే నష్టం ముందు లెక్కలోకి రాదు. రాయితీతో రుసుము వసూలు చేసి కాంట్రాక్ట్ లోడు అంకెను మార్చడంతో బాధ్యత తీరిందనుకుంటే, కాగితం మీద మూడు కిలోవాట్లు ఉన్న ఇంట్లో 1/18 తీగే మిగులుతుంది. రుసుముతో పాటు పరీక్ష కూడా గడప దాకా రావాలని అడిగే హక్కు ప్రతి వినియోగదారుకూ ఉంది; ఆ పరీక్ష వచ్చేదాకా ఏసీ కొనే ముందు ఎలక్ట్రీషియన్ చేత ఆంపియర్లు కొలిపించుకోవడం ప్రతి ఇంటి పెద్ద చేతిలో ఉన్న పని.